గుమ్మం మీది పేరు

ఆ బోర్డు చదవమని సల్కాని ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. ఆడవాళ్ళ బడిలో రెండు శీతాకాలాలు కూర్చుని అక్షరాలు దిద్దుకున్నప్పటి నుంచి దానికదో పిచ్చి. చక్కెర బస్తా మీద, మందు సీసా మీద, లారీ వెనక, ఎక్కడ నాలుగు అక్షరాలు కనబడినా నిలబడిపోయి, కూడబలుక్కుంటూ చదివితే గాని అడుగు ముందుకు వెయ్యదు. ఆ పొద్దున నీళ్ళ కోసం పెద్దింటావిడ లల్లా మేమూనా ఇంటి ముందుగదిలోకి వెళ్ళి, గోడకి కొత్తగా తగిలించిన బోర్డు ముందు అలాగే నిలబడిపోయింది.

బయట గలానా ఆ ఇంటి గుమ్మం పూస్తోంది. పాత ఇళ్ళ బొమ్మలు చూడ్డానికి రాజధాని నుంచి అతిథులొచ్చే ఉత్సవానికి ఇంక మూడు రోజులే ఉంది. వానలకి గుమ్మం చుట్టూ పాత పూత పొరలు పొరలుగా లేచిపోయింది. దాన్ని గీకి, గోడ తడిపి, ఎర్రమట్టిలో మాగిన పేడా గడ్డినలుసులూ పిసికిన ముద్దని అరచేతి మడమతో అదిమి పైకి తోస్తోంది. ఒక తోపు, ఒక నిమురు, మళ్ళీ తోపు. ఎక్కడైనా చేతికింద బోలుగా తగిలితే లోపల గాలి ఉండిపోయిందని అర్థం. అక్కడ మళ్ళీ అదమాలి. యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, చేతులు మాత్రం ఇంకా మాట వింటున్నాయి.

"అక్కా! ఇక్కడ మన గుమ్మం ఫోటో పెట్టారే," లోపలి నుంచి సల్కా అరిచింది.

"పెడితే పెట్టారు. నీళ్ళు తే ముందు. ముద్ద గట్టిపడిపోతోంది."

"ఉండు మరి! ఏదో రాశారు. 'ఈ... ద్వార... చిత్రాలను... స్వయంగా తన చేతులతో... తీర్చిదిద్దిన... కళాకారిణి...'" సల్కా గొంతు ఆగిపోయింది.

"ఎవరంట?"

"లల్లా మేమూనా అంటక్కా."

గలానాకి ముందు నవ్వొచ్చింది. లల్లా మేమూనా! తన గ్లాసులో టీ తనెప్పుడూ పోసుకోని మనిషి. కాలు చాపితే చెప్పు ఎవరో తొడగాలి, కాలు ముడిస్తే ఎవరో విప్పాలి. ఆవిడ మట్టి పిసికిందా! నవ్వుకుంటూనే లోపలికి వెళ్ళింది. ఫోటో చూశాక ఆ నవ్వు చచ్చిపోయింది.

ఫోటో పాతది. ఎప్పుడో ఎవరో తెల్లవాడొచ్చి తీసినది. గుమ్మానికి రెండు పక్కలా సుడి తిరిగిన గుండ్రాలు, వాటి చుట్టూ గొలుసుకట్టు, పైన జింకడుగులు. గుండ్రాలన్నీ ఎడమకి తిరిగి ఉన్నాయి. ఈ ఎడారి ఊరు తిన్‌బారాలో ఏ గోడ చూసినా గుండ్రాలు కుడికే తిరుగుతాయి. ఆ రోజుల్లో ఎడమకి తిప్పేది ఒక్కతే, గలానా తల్లి ఎంబేరికా. చిన్నప్పుడు ఈ ఇంటి వంటపొయ్యిలో ఆమె కుడిచేతి చూపుడువేలు కణుపు దాకా కాలిపోయింది. అందుకని ఎడమచేత్తో గీసేది. ఎడమచేత్తో అన్నం తినకూడదు గాని గోడకేం తప్పులేదులే అని నవ్వేది. పక్కన కూర్చుని చూస్తూ నేర్చుకున్న గలానా వేళ్ళు కూడా ఎడమకే తిరుగుతాయి.

"ఇది మా అమ్మ చెయ్యి," అంది గలానా.

"నాకు తెలీదా అక్కా? ఊరందరికీ తెలుసు."

"మరి ఇదేంటి?"

సల్కా కుండలోంచి నీళ్ళు ముంచుకుని బయటికి నడిచింది.

ఉత్సవ కమిటీ తరఫున రాజధాని నుంచి దిగిన దాహీ అనే కుర్ర ఆఫీసరు ఎండెక్కాక వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల దర్రా అంగీ, మెడలో తాడుకి వేలాడే కార్డు, చేతిలో ఫోను. వచ్చీ రావడంతోనే పూసిన గోడని వేలితో నొక్కబోయాడు. గలానా గబుక్కున చేయి అడ్డం పెట్టింది.

"అబ్బా, బ్రహ్మాండంగా వస్తోందత్తా! అచ్చం ఫోటోలో ఉన్నట్టే గీయాలి సుమా. వీసమెత్తు తేడా రాకూడదు. అతిథులు బోర్డులో ఫోటో చూస్తారు, ఎదురుగా గుమ్మం చూస్తారు. రెండూ కలవాలి."

"ఆ బోర్డులో పేరు తప్పు పడింది బాబూ."

"ఏ పేరు?"

"లల్లా గీసిందని రాశారు. గీసింది మా అమ్మ. ఎంబేరికా. ఆ గుండ్రాలు చూడు, ఎటు తిరిగాయో."

దాహీ ఫోటో వంక చూడలేదు, ఫోను వంక చూశాడు. తర్వాత ఎంతో ఓపికున్నవాడిలా నిట్టూర్చాడు. "అత్తా, నీ బాధ నాకర్థమైంది. కానీ చరిత్రంటే ఆషామాషీ కాదు కదా. ఆ కుటుంబంవాళ్ళు కాగితాలిచ్చారు, తాతముత్తాతల వివరాలిచ్చారు. మీ అమ్మగారి పేరు ఎక్కడన్నా రాసుందా? ఏదన్నా ఒక్క కాగితం? రాసుంటే చెప్పు, కమిటీలో మాట్లాడతా."

"మా అమ్మ పేరు కాగితం మీద ఎవరు రాస్తారు బాబూ? ఆమె నలభై ఏళ్ళు గోడల మీద గీసింది. ఏటా వానకి కొట్టుకుపోయేది, ఏటా మళ్ళీ గీసేది."

"అదేనత్తా నేననేది. రాసిన ఆధారం లేదు." అతను ఆమె భుజం తట్టబోయి, ఆమె చేతులకున్న పేడ చూసి ఆగిపోయాడు. "ఇంకో మాట. ప్రారంభం రోజు లల్లాగారు ఇక్కడ పీట మీద కూర్చుని గోడ మీద చెయ్యి పెడతారు. ఫోటో కోసం. నువ్వు కింద కూర్చుని రంగు గిన్నె పట్టుకో. కాస్త పక్కకి జరిగి కూర్చో, మొహం అడ్డం రాకుండా."

గలానా నోటిదాకా వచ్చిన మాట మింగేసి గోడ వైపు తిరిగింది. తోపుకి బలం ఎక్కువై అరచేయంత ముద్ద ఊడి కాళ్ళ మీద పడింది.

మర్నాడు పొద్దున్నే చేతులు కడుక్కుని, ఉతికిన మెల్హఫా కప్పుకుని, గలానా లల్లా గది ముందు నిలబడింది. ఆ గుమ్మంలో నిలబడటం ఆమెకి కొత్త కాదు. పుట్టింది ఈ ఇంటి వెనక దొడ్లోనే. బానిసత్వం పోయిందని రేడియోలో చెప్పి ముప్పై ఏళ్ళు దాటింది. ఆ తర్వాత ఊరి చివర సొంతంగా మట్టిల్లు కట్టుకుంది. అయినా ఈ గుమ్మం ముందు నిలబడితే మెడ దానంతటదే వంగుతుంది. అందుకే పట్టుబట్టి తలెత్తి నిలబడింది.

లల్లా మేమూనా చాప మీద దిండ్లకి ఆనుకుని ఉంది. ఎనభై దాటాయి. మొహం ముడతలు పడ్డా కళ్ళు చురుగ్గానే ఉన్నాయి. పక్కన ఒకతి ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి టీ వంపుతూ నురగ తేలుస్తోంది.

"ఏమే పిల్లా, గుమ్మం వదిలేసి వచ్చావేం? ఆరిందా?"

"ఆరుతోంది లల్లా. ఒక మాట అడుగుదామని వచ్చాను. బోర్డు మీద మా అమ్మ పేరు రాయమని కమిటీ బాబుకి మీరు చెప్పాలి. మీరు చెబితే వింటాడు."

"దాని పేరెందుకు?"

"గీసింది ఆమె గనక."

లల్లా టీ గ్లాసు అందుకుని ఒక గుటక వేసింది. కోపం తెచ్చుకోలేదు. కోప్పడాల్సిన విషయమని కూడా ఆవిడకి అనిపించినట్టు లేదు. "ఇల్లు మాది. గోడ మాది. మట్టి మా గుట్టలోంచి తవ్వింది. నీ తల్లీ మాదే, మా నాన్న ఉప్పుపలకలు ఇచ్చి కొన్నాడు. ఇంక అందులో దానిదేముందే?"

"చేతులు లల్లా. చేతులు ఆమెవి."

"ఆ చేతులకి తిండి పెట్టిందెవరు?" లల్లా గ్లాసు చాపింది. "వెళ్ళు. మట్టి ఎండిపోతుంది."

గలానా విసవిసా బయటికి వచ్చేసింది. ఉప్పుపలకలట! ఎన్ని పలకలో కూడా చెప్పలేదు మహాతల్లి. సల్కా అప్పటికే తుమ్మజిగురు ఉడకబెడుతోంది. గలానా ఆమె పక్కన గొంతుక్కూర్చుని, పుల్లతో జిగురు తిప్పుతూ, జరిగిందంతా చెప్పింది.

"అనుకున్నా. ఆవిడ అంతేనక్కా," అంది సల్కా. "పోనీ వదిలెయ్. ఇంకా రెండు రోజులు ఓపిక పట్టామంటే ఆ దాహీ తన కార్డు ఊపుకుంటూ పోతాడు. నలుగురైదుగురు ఆ బోర్డు చదువుతారు, ఇంటికెళ్ళి మర్చిపోతారు."

"చదివినవాళ్ళు పుస్తకాల్లో రాస్తారే. అప్పుడు ఆ పుస్తకమే కాగితమవుతుంది. రేపు నా మనవరాలొచ్చి మా ముత్తవ్వ గీసిందంటే, కాగితం ఏదీ అని అడుగుతారు దాన్ని కూడా."

సల్కా పొయ్యిలో కట్టె ఎగదోసింది. జిగురులో బుడగలు పగులుతున్నాయి.

"నీకు మా అమ్మ పేరు రాయడం వచ్చా?" ఉన్నట్టుండి అడిగింది గలానా.

"ఏం చేద్దామని?"

"వచ్చా, రాదా?"

"ఆ పేరులో అక్షరాలన్నీ నాకొచ్చినవై ఉండాలి గదా! ఉండు, చూస్తా." ఇసుక చదును చేసి పుల్లతో గీసింది, చెరిపింది, మళ్ళీ గీసింది. "వచ్చింది. కానీ అక్కా, ఈ పెద్దిళ్ళ వాళ్ళందరూ ఒకటే. ఒక్క గుమ్మం మీద తేడా చేస్తే రేపట్నుంచి మనల్ని ఏ ఇంటికి పిలుస్తారు?"

"పిలవొద్దులే. వాళ్ళ గోడలు వాళ్ళే పూసుకుంటారు. బోర్డు మీద రాసుకున్నారుగా, చేతులున్నాయని. చూద్దాం ఆ సంబడం."

సల్కాకి భయంలోనూ నవ్వొచ్చింది. "లల్లా నిచ్చెనెక్కి జింకడుగులు గీస్తుంటే కింద నేను గిన్నె పట్టుకుంటా," అంది. ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. నవ్వు ఆగాక సల్కా పుల్ల తీసుకుని ఆ పేరు మరో పదిసార్లు రాసింది.

మూడో రోజంతా గీశారు. పూత పైకి ఆరినట్టు కనిపిస్తూ లోపల చెమ్మ ఉన్నప్పుడే గీయాలి. అప్పుడే గోడ రంగు తాగుతుంది. గలానా ఎర్రమట్టి నీళ్ళలో జిగురు కలిపి, రెండు వేళ్ళు ముంచి, గిన్నె అంచుకి ఒకసారి రాసి, మోచేతి నుంచి మణికట్టు దాకా కొలత పెట్టుకుని గుండ్రం ఎత్తేది. ఎడమకి. ఊపిరి బిగబట్టి ఒక్క తిప్పులో గుండ్రం ముగించేది. మధ్యలో ఆగితే అతుకు కనబడుతుంది. సల్కా వెనకే తెల్లసున్నంతో అంచులు దిద్దుతూ వచ్చింది. దాహీ రెండుసార్లు వచ్చి ఫోటోతో పోల్చుకుని, అచ్చు గుద్దినట్టుందని మెచ్చుకుని వెళ్ళాడు. గుమ్మానికి కుడిపక్క, మనిషి కళ్ళ ఎత్తులో రెండు జానల చోటు ఖాళీగా ఉండటం అతని కంటపడలేదు. రేపు పొద్దున తడిపి గీస్తామని చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు.

ప్రారంభం పదింటికి. సూర్యుడు ఇసుకదిబ్బ మీదికి వచ్చేసరికి గలానా ఆ రెండు జానల చోటు తడిపి సిద్ధంగా ఉంచింది. సల్కా వేలు రంగులో ముంచింది. గలానా ఆమె మోచేయి కింద తన చేయి ఆనించి పట్టుకుంది. అలా పట్టుకునే రాయించింది. 'ఎంబేరికా చేతి పని.' ముదురెరుపులో పెద్దగా, ఆరడుగుల దూరంనుంచి కనబడేలా. చుట్టూ గలానా గొలుసుకట్టు వేసింది. అది ఆమె ఆ ఊళ్ళో గీసిన గొలుసులన్నిట్లోకీ నిండుగా వచ్చింది.

తొమ్మిదింటికి దాహీ వచ్చాడు. చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏంటిది? ఏంటిదత్తా?"

"నువ్వేగా బాబూ అడిగావు, ఎక్కడన్నా రాసుందా అని. ఇదిగో, రాసుంది."

"తమాషాగా ఉందా? తుడిచెయ్! ఇప్పుడే తుడిచెయ్! గంటలో అతిథుల బళ్ళొస్తాయి."

"తుడిస్తే పోదు," అంది గలానా గిన్నె కడుక్కుంటూ. "గోడ తాగేసింది."

అతను జేబురుమాలు తీసి, సీసాలో నీళ్ళు పోసి, తనే గొలుసుకట్టు అంచున రుద్దాడు. ఎరుపు పోలేదు సరికదా, వేలెడంత మేర పుండులా అలుక్కుపోయింది. తెల్ల దర్రా చేతి మీద ఎర్రటి మరక పడింది.

"ఇంకో రెండుసార్లు రుద్దు బాబూ," అంది గలానా తాపీగా, "అడుగు పూత కూడా ఊడొస్తుంది. అప్పుడు గుమ్మం మొత్తం గీకి మళ్ళీ పూయాలి. ఒక రోజు పూత, ఒక రోజు ఆరడం, ఒక రోజు గీత. అతిథులని ఆగమంటావా మరి?"

దాహీ రుమాలు కింద పడేశాడు. నాలుగు వైపులా చూశాడు, ఏదన్నా జెండాగుడ్డ దొరుకుతుందేమో కప్పేద్దామని. అప్పటికే వీధిలో జనం పోగయ్యారు. గోడలు పూసే ఆడవాళ్ళు, పక్క వీధుల్లోంచి, చేతులకి మట్టి ఆరకుండానే వచ్చి నిలబడ్డారు. ఎవరూ మాట్లాడటం లేదు. కానీ ఎవరూ కదలడం లేదు కూడా.

ఇంతలో లోపలి నుంచి లల్లా మేమూనాని కుర్చీతో సహా ఇద్దరు మనవలు మోసుకొచ్చి గుమ్మం ముందు దించారు. కొత్త నీలి మెల్హఫా, చేతులకి గోరింట. దాహీ పరుగున వెళ్ళి వంగి ఏదో చెప్పబోయాడు. ఆవిడ చేయెత్తి ఆపింది. తండ్రి దగ్గర గ్రంథాలు చదివిన మనిషి. ఒక్క చూపులో చదివేసింది.

"తప్పు," అంది.

దాహీ ప్రాణం లేచొచ్చింది. "చూశావా అత్తా? లల్లాగారే అంటున్నారు!"

"గీసింది అదే. అది తప్పు కాదు," అంది లల్లా విసుగ్గా. "పేరు తప్పు. ఎంబేరికా దాని పేరు కాదు. మా నాన్న పెట్టింది."

గలానా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"దాన్ని తెచ్చిన రోజు నాకు బాగా గుర్తు. నాకు ఎనిమిదేళ్ళు. దానికి అయిదో ఆరో. దక్షిణం నుంచి తెచ్చారు, ఒంటె మీద బుట్టలో. పేరేంటే అంటే ఏదో చెప్పింది. మేం పిల్లలం అందరం పడీ పడీ నవ్వాం. నాన్న ఎంబేరికా అని పిలవమన్నాడు. అది పలకలేదు. పలికేదాకా తిండి పెట్టొద్దన్నాడు. మూడు రోజులు పలకలేదు మొండి ఘటం." లల్లా గొంతులో జాలీ లేదు, సిగ్గూ లేదు. లెక్కతప్పని తన జ్ఞాపకశక్తి మీద కాస్త గర్వం మాత్రం ఉంది. "నాలుగో రోజు పలికింది. నా గుమ్మం మీద నిజం కానిది ఏదీ ఉండటానికి వీల్లేదు. రాస్తే సరిగ్గా రాయండి."

గలానాకి యాభై ఎనిమిదేళ్ళు. తల్లి ఒళ్ళో పడుకుంది, తల్లి పక్కన గీసింది, తల్లికి చివరి నీళ్ళు పోసింది. ఆ తల్లి పేరు ఇంతకాలం ఈవిడ దగ్గర ఉంది! ఆకలి కడుపుతో మూడు రోజులు కాపాడుకున్న పేరుని తల్లి మళ్ళీ నోటితో అనలేకపోయింది కాబోలు, కూతురితో కూడా. ఈవిడ మాత్రం పెట్టెలో గాజులు దాచుకున్నట్టు దాచుకుంది. ఇవాళ కూడా గుమ్మం మీద తప్పు ఉండకూడదని బయటికి తీసింది గాని, ఇంకెందుకూ కాదు.

"ఏంటా పేరు?" అంది గలానా.

"న్యాగలే."

గలానా ముందుకొచ్చి రంగు గిన్నె లల్లా ఒడి దగ్గరికి ఎత్తిపట్టింది. "రాయండి."

"నేనా?" లల్లా వెనక్కి జరిగింది. "అందులో పేడ లేదూ?"

"ఉంది. సల్కాకి ఆ పేరు రాయడం రాదు. నాకు అసలే రాదు. మీకొక్కరికే తెలుసు."

లల్లా దాహీ వైపు చూసింది. దూరంగా బళ్ళ హారన్లు వినిపిస్తున్నాయి. దాహీ వీధి మలుపు వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, నుదుటి చెమట తుడుచుకున్నాడు. "లల్లాగారూ, ఎలాగూ మీ చెయ్యి గోడ మీద పెట్టాల్సిందే కదా... ఫోటో..." అని నసిగాడు.

ఎనభై ఏళ్ళలో మొదటిసారి లల్లా మేమూనా వేలు మట్టిలో మునిగింది. మునగ్గానే ముక్కు చిట్లించింది. మనవలు కుర్చీ గోడ దగ్గరికి జరిపారు. మొదటి అక్షరం ధారకట్టి కిందికి కారిపోయింది.

"అంత తడి పనికిరాదు," అంది గలానా. "వేలు గిన్నె అంచుకి రాయండి. ఆ, అలా. ఇప్పుడు అదమండి. గోరు తగలనివ్వకండి, గీరుకుపోతుంది."

లల్లా ఆమె చెప్పినట్టే చేసింది. రెండు అక్షరాలకే మోచేయి వణకడం మొదలైంది.

"చాలదా?"

"ఇంకా పూర్తి కాలేదు. ముంచండి."

పాత పేరు మీద గలానా అడ్డంగా ఒక్క గీత గీసింది. చెరపలేదు. ఆ పేరుతో కూడా తల్లి డెబ్బై ఏళ్ళు బతికింది. కింద కొత్తపేరు వంకరటింకరగా, చంటిపిల్ల రాతలా ఉంది. బళ్ళు వీధి మొదట్లో ఆగాయి. ఫోటోలు తీసేవాళ్ళు దిగి పరుగెత్తుకొస్తున్నారు. లోపల బోర్డు మీద ఏముందో చూడాలంటే ముందు వాళ్ళు ఈ గుమ్మం దాటాలి.

"చదవవే సల్కా," అంది గలానా.

సల్కా దగ్గరికొచ్చి కూడబలుక్కుంది. "న్యా... గ... లే."

"న్యాగలే," అంది గలానా. మట్టిచేతుల ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆ పేరు పలికారు. ఒకామె తన బిడ్డకి పలకడం నేర్పింది.

లల్లా మేమూనా ఎర్రబడిన వేలిని ఒంటికి దూరంగా పట్టుకుని కూర్చుంది. "నీళ్ళు," అంది అలవాటుగా, ఎవరివైపూ చూడకుండా.

గలానా గిన్నె కింద పెట్టి, మెల్హఫా చెంగుతో మొహం తుడుచుకుంది.

"లోపల కుండలో ఉన్నాయి లల్లా. వెళ్ళి కడుక్కోండి."